వినకముందే తీర్పు చెప్పకండి

 

సర్వస్తోత్రాలు సకల లోకాలకు ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. మనకు కలంతో విద్య నేర్పినవాడు ఆయనే. మనం ఎరుగని విషయాలను మనకు తెలియజేసినవాడూ ఆయనే. ఆయన చివరి ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై శాంతి, శుభాలు వర్షించుగాక!

ఈరోజు ముందుగా నా పొరపాటు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి. ఆ తర్వాతే నసీహత్ సంగతి. తన తప్పును దాచుకుని ఇతరులకు బోధించే ఆలిమ్ మాటకు బరకత్ ఉండదు.

మన బిట్రగుంటలో మగ్రిబ్ తర్వాత జరిగే దర్సె ఖుర్ఆన్‌కు ఒక సోదరుడు క్రమం తప్పకుండా వచ్చేవాడు. ఉన్నట్టుండి రావడం మానేశాడు. జుమాకు వచ్చినా సలామ్ తిప్పగానే వెళ్ళిపోయేవాడు. ఒకరోజు మస్జిద్ గుమ్మం దగ్గర నలుగురి ముందు అతన్ని ఆపి, "ఏం భాయ్, దునియా అంత ముద్దయిపోయిందా? అల్లాహ్ వాక్కు వినడానికి అరగంట కూడా దొరకడం లేదా?" అన్నాను. అతను తలవంచుకుని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళ తర్వాత ఇషా నమాజ్ అయ్యాక అతనే నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. "హజ్రత్, ఒక దుఆ చేయండి. పరీక్ష రాయాలి. ఇప్పటికే ఒకసారి తప్పాను" అన్నాడు. అప్పుడు అడిగాను అతని కథ. అసలు గుమ్మం దగ్గరే అడగవలసింది.

అతను లా డిగ్రీ పూర్తి చేశాడు. రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకున్నాడు. కానీ ఈ రోజుల్లో అంతటితో సరిపోదు. దేశమంతటికీ కలిపి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిర్వహించే అఖిల భారత బార్ పరీక్షలో నెగ్గాలి. ఈ పరీక్ష మొదటిసారి 2011 మార్చి 6న జరిగింది. ఇలాంటి పరీక్ష పెట్టే అధికారం బార్ కౌన్సిల్‌కు ఉందని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2023 ఫిబ్రవరి 10న తేల్చి చెప్పింది. నమోదైన రెండేళ్ళలోగా ఇందులో ఉత్తీర్ణత సాధించకపోతే వకాలత్ సాగించడానికి వీలుండదు. అతనికి ఆ గడువు దగ్గరపడుతోంది.

ఇక ఇంటి సంగతి. తెల్లవారగానే కావలి వెళ్ళి ఒక దుకాణంలో లెక్కలు రాస్తాడు. తిరిగి వచ్చేసరికి రాత్రి ఎనిమిది దాటుతుంది. తల్లి మంచం పట్టింది. ఇద్దరు చిన్నపిల్లలు. ఇల్లంతా కలిపి ఒకటే గది. పిల్లలు పడుకున్నాక దీపం వేస్తే తల్లికి నిద్ర పట్టదు, దీపం తీస్తే ఇతనికి చదువు సాగదు. "వంటింటి గడప మీద కూర్చుని చదువుతున్నాను హజ్రత్. మన ఊరిది మెయిన్ లైను కదా, అర్ధరాత్రి ఏ బండి పోతోందో చప్పుడును బట్టి చెప్పగలను. ఏ సెక్షన్ ఎక్కడుందో మాత్రం చెప్పలేకపోతున్నాను" అని నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు సిగ్గేసింది.

సోదరులారా! హజ్రత్ అలీ (రజి) గారిని దైవప్రవక్త (స) యమన్ దేశానికి న్యాయనిర్ణేతగా పంపినప్పుడు ఆయన ఇంకా యువకుడు. తీర్పులు చెప్పే పరిజ్ఞానం తనకు లేదని విన్నవించుకున్నారు. అల్లాహ్ నీ హృదయానికి మార్గం చూపుతాడని, నీ నాలుకను నిలకడగా ఉంచుతాడని దైవప్రవక్త (స) ధైర్యం చెప్పారు. దాంతోపాటు ఒక నియమం కూడా నేర్పారు: ఇద్దరు కక్షిదారులు నీ ముందు కూర్చున్నప్పుడు, మొదటివాని మాట విన్నట్టే రెండోవాని మాట కూడా వినేదాకా తీర్పు చెప్పకు. (అబూదావూద్)

ఈ హదీసును నేను మదరసాలో చదివాను, ఇతరులకు చదివి వినిపించాను. కానీ మస్జిద్ గుమ్మం దగ్గర ఆ సోదరుని మాట వినకుండానే తీర్పు చెప్పేశాను. న్యాయశాస్త్రం నేర్చుకోవడానికి కష్టపడుతున్న మనిషికి నేను చేసింది అన్యాయం. అతన్ని క్షమాపణ అడిగాను. ఏ నలుగురి ముందు అన్నానో ఆ నలుగురి ముందే అడిగాను.

చట్టం చదవడం ధర్మకార్యమేనా?

మనలో కొందరికి ఈ సందేహం ఉంది. "కోర్టు చదువు దునియా చదువే కదా, దానికోసం దర్స్ మానుకోవాలా?" అని అడుగుతారు. దీనికి సమాధానం ఆ సోదరుని ఇంట్లోనే ఉంది.

అతను లా ఎందుకు చదివాడో తెలుసా? తండ్రి చనిపోయిన కొత్తలో, అతని తల్లి తాను చదవలేని ఒక కాగితం మీద వేలిముద్ర వేసింది. ఆ కాగితంలో ఏముందో వాళ్ళకు చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు. తెలిసేసరికి వాళ్ళ స్థలంలో సగం వాళ్ళది కాకుండా పోయింది. "ఆ రోజు మా ఇంట్లో చదివి చెప్పేవాడు ఒక్కడుంటే చాలు హజ్రత్. ఇంకో అమ్మ వేలిముద్ర వేసేముందు నన్ను పిలవాలి. నాకు అంతే కావాలి" అన్నాడు.

దివ్యఖుర్ఆన్‌లోని ఆయతులన్నింటిలోకి పొడవైనది ఏదో మీకు తెలుసు. సూరహ్ అల్ బఖరహ్‌లోని 282వ ఆయత్. అందులో ఉన్నది నమాజ్ గురించి కాదు, రోజా గురించి కాదు. అప్పు తీసుకున్నప్పుడు పత్రం రాసుకోవడం గురించి. గడువు పెట్టుకున్న అప్పును రాసుకోమని, రాసేవాడు న్యాయంగా రాయాలని, రాయడం తెలిసినవాడు రాయనని నిరాకరించరాదని, సాక్షుల్ని పెట్టుకోమని అల్లాహ్ ఆదేశించాడు. బాధ్యత మోయవలసినవాడు బలహీనుడైతే, లేదా చెప్పి రాయించుకోలేనివాడైతే, అతని తరఫు సంరక్షకుడు న్యాయంగా చెప్పి రాయించాలని కూడా అందులోనే ఉంది.

ఒక్కసారి ఆలోచించండి! అక్షరం రాని ఒక బలహీనుని పక్షాన నిలబడి న్యాయంగా మాట్లాడేవాని అవసరాన్ని సర్వలోక ప్రభువు తన గ్రంథంలోని అతి పొడవైన వాక్యంలో గుర్తుచేశాడు. ఆ స్థానంలో నిలబడడానికి తగిన విద్య నేర్చుకుంటున్నవాణ్ణి మనం దునియాదారు అంటామా?

అయితే ఒక మాట. ఈ విద్యకు విలువ దాని వెనుక ఉన్న సంకల్పం (నియ్యత్) వల్ల వస్తుంది. నల్లకోటు వేసుకుని అబద్ధాన్ని నిజం చేయడానికి చదివితే ఆ చదువే రేపు పరలోకంలో మనకు వ్యతిరేకంగా నిలబడుతుంది. స్వయంగా మీకు, మీ తల్లిదండ్రులకు, మీ బంధువులకు నష్టం కలిగినా సరే న్యాయం పక్షానే నిలబడమని సూరహ్ అన్నిసా 135వ ఆయత్ ఆదేశిస్తోంది. లా చదివే ప్రతి ముస్లిమ్ ఈ ఆయత్‌ను తన పుస్తకం మొదటి పేజీలో రాసుకోవాలి.

బతుకుతెరువు సహాబాకూ ఉంది

"మాకు తీరిక ఎక్కడిది?" అని చాలామంది అంటారు. సహాబా (రజి) అందరూ తీరిగ్గా కూర్చున్నవారని అనుకుంటున్నారా? ముహాజిర్లకు బజారులో వ్యాపారాలుండేవి, అన్సార్లకు తోటల్లో పనులుండేవి. హజ్రత్ ఉమర్ (రజి) మదీనా శివార్లలో ఉండేవారు. రోజూ దైవప్రవక్త (స) సన్నిధికి వస్తే ఇంటి పని సాగదు. రాకపోతే విద్య పోతుంది. ఆయన ఏం చేశారు? పొరుగున ఉన్న ఒక అన్సారీ సోదరునితో వంతు పెట్టుకున్నారు. ఒకరోజు ఆయన వెళ్ళేవారు, మరుసటిరోజు పొరుగాయన వెళ్ళేవారు. వెళ్ళినవారు ఆరోజు అవతరించిన వహీని, విన్న విషయాలను సాయంత్రం వచ్చి రెండోవారికి చెప్పేవారు. (బుఖారీ)

ఇందులో రెండు పాఠాలున్నాయి. మొదటిది, పని ఉందన్న కారణంతో విద్యను వదలలేదు, విద్య ఉందన్న కారణంతో పనిని వదలలేదు. రెండోది, ఆ బరువును ఒక్కరే మోయలేదు. పొరుగువాడు సగం మోశాడు. మనం మొదటి పాఠాన్ని చదువుకునే పిల్లవాడికి చెబుతాం. రెండో పాఠాన్ని పొరుగువారమైన మనకు మనం చెప్పుకోం.

ఇమామ్ గారు అడిగారు, నేను అడగలేదు

ఇమామ్ అబూహనీఫా (రహ్మతుల్లాహి అలైహ్) శిష్యుల్లో ఇమామ్ అబూయూసుఫ్ (రహ్) పేరు మీరు వినే ఉంటారు. ఆయనది నిరుపేద కుటుంబం. "ఇమామ్ గారి సంగతి వేరు, ఆయనకు రొట్టె సిద్ధంగా ఉంటుంది. మనకు రెక్కాడితేనే డొక్కాడుతుంది" అన్న ధోరణిలో తండ్రి మందలించి చదువు మాన్పించాడని చరిత్రకారులు రాశారు. ఆయన పాఠానికి వెళ్ళడం తగ్గించేశారు.

ఇమామ్ అబూహనీఫా (రహ్) ఆయన లేని లోటు గమనించారు. ఆయన తిరిగి వచ్చిన రోజు, ఎందుకు రావడం లేదని అడిగారు. బతుకుతెరువు, తండ్రి ఆజ్ఞ అని విన్నారు. అందరూ వెళ్ళిపోయాక ఒక సంచి చేతికిచ్చారు. అందులో వంద దిర్హములున్నాయి. అవి అయిపోతే చెప్పమన్నారు. ఇమామ్ గారు పట్టుబట్టల వ్యాపారి. తన హలాల్ సంపాదనలోంచే ఇచ్చారు. ఆ పేద పిల్లవాడే తర్వాత ఖలీఫా హారూన్ రషీద్ కాలంలో ప్రధాన న్యాయమూర్తి (ఖాజీ అల్ ఖుజాత్) అయ్యారు. భూమి శిస్తు, ప్రజల హక్కుల మీద ఖలీఫా కోసం 'కితాబుల్ ఖరాజ్' రాశారు. హిజ్రీ 182లో పరమపదించారు.

సోదరులారా! పాఠానికి రాని శిష్యుణ్ణి చూసి ఇమామ్ గారు కారణం అడిగారు. దర్స్‌కు రాని సోదరుణ్ణి చూసి నేను నింద వేశాను. ఇమామ్ గారి ప్రశ్నలోంచి ఒక ప్రధాన న్యాయమూర్తి తయారయ్యాడు. నా నిందలోంచి ఏం తయారయ్యేది? ఒక మనిషి మస్జిద్‌కు దూరమయ్యేవాడు.

ఇంటివారి వంతు

పరీక్ష రాసేది ఒక్కరే అయినా దాని బరువు ఇంటిల్లిపాదిదీ. దైవప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగితే, ఇంటివారి పనుల్లో సాయంగా ఉండేవారని, నమాజ్ వేళ కాగానే వెళ్ళేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. (బుఖారీ) ఇంటి పని చేతితో ముట్టుకోని మగవాళ్ళందరూ ఈ హదీసును గుర్తుంచుకోవాలి. ఎందుకంటే ఈరోజు లా చదివేవారిలో మన చెల్లెళ్ళు, కోడళ్ళు కూడా ఉన్నారు. మగవాడు చదువుతుంటే "మాట్లాడకండి, నాన్న చదువుకుంటున్నాడు" అంటారు. అదే ఇంటి కోడలు చదువుతుంటే "ముందు రొట్టెలు చేసి తర్వాత చదువుకో" అంటారు. స్త్రీలు తమకోసం ఒక రోజు కేటాయించమని అడిగితే దైవప్రవక్త (స) కేటాయించి బోధించారు. (బుఖారీ) మనం ఒక గంట కేటాయించలేమా?

కేరళలోని పత్తనంతిట్టలో 1927లో పుట్టిన ఫాతిమా బీవీ గారిని చూడండి. కూతురు న్యాయశాస్త్రం చదవాలని ప్రోత్సహించింది ఆమె తండ్రి మీరా సాహెబ్ గారే. 1950లో ఆమె బార్ కౌన్సిల్ పరీక్షలో ప్రథమ స్థానం సంపాదించారు. కొల్లంలో కింది కోర్టుల్లో వకాలత్ మొదలుపెట్టి, 1958లో మున్సిఫ్ అయ్యారు. 1989 అక్టోబరు 6న సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ప్రమాణం చేశారు. మన దేశ అత్యున్నత న్యాయస్థానంలో కూర్చున్న మొట్టమొదటి మహిళ ఒక ముస్లిమ్ మహిళ. 2023 నవంబరులో ఆమె ఈ లోకం విడిచి వెళ్ళారు. ఒక తండ్రి చూపిన ప్రోత్సాహం ఎంత దూరం వెళ్ళిందో గమనించండి.

అలాగే చదివేవారు కూడా ఇంటివారి హక్కును మరచిపోకూడదు. హజ్రత్ అబూదర్దా (రజి) పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజ్‌లో గడుపుతూ భార్యను పట్టించుకోకపోతే, హజ్రత్ సల్మాన్ (రజి) ఆపారు. నీ ప్రభువుకు నీ మీద హక్కుంది, నీ శరీరానికి ఉంది, నీ ఇంటివారికీ ఉంది, ఎవరి హక్కు వారికివ్వమని చెప్పారు. సల్మాన్ చెప్పింది నిజమేనని దైవప్రవక్త (స) ధ్రువీకరించారు. (బుఖారీ) ఆరాధనకే హద్దు ఉంటే పరీక్షకు ఉండదా? మంచంలో ఉన్న తల్లికి మందు ఇచ్చే పది నిమిషాలు చదువులో నష్టపోయిన సమయం కాదు. ఆ తల్లి దుఆ ఏ గైడులోనూ దొరకదు.

కొద్దికొద్దిగా, కానీ ప్రతిరోజూ

ఆ సోదరుడు ఒకసారి ఎందుకు తప్పాడో కూర్చుని మాట్లాడుకున్నాం. నేను లాయర్ని కాను. కానీ పాఠం ఎలా పట్టుబడుతుందో మదరసాలో నేర్చుకున్నాను.

పరీక్షలో వంద ప్రశ్నలు. సమయం మూడున్నర గంటలు. తప్పు జవాబుకు మార్కులు తీసేయరు. జనరల్ కేటగిరీవారు వందకు 45 తెచ్చుకోవాలి. రాజ్యాంగం, సివిల్ ప్రొసీజర్, క్రిమినల్ ప్రొసీజర్, ఈ మూడింటి నుంచే పదేసి ప్రశ్నలు వస్తాయి. కుటుంబ చట్టాల నుంచి ఎనిమిది, సాక్ష్యం చట్టం నుంచి ఎనిమిది. వ్యాఖ్యానాలు లేని చట్టం పుస్తకాలు లోపలికి తీసుకెళ్ళవచ్చు. అంటే బట్టీ కన్నా ఏది ఎక్కడుందో తెలియడం ముఖ్యం. అతనేమో ఉన్న సబ్జెక్టులన్నీ ఒకే రాత్రి తిరగేయబోయాడు.

పైగా ఇంకో చిక్కు. అతను కాలేజీలో నేర్చుకున్నది 1860 నాటి భారత శిక్షాస్మృతి. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 511 సెక్షన్లు పోయి 358 సెక్షన్లు అయ్యాయి. హత్యకు శిక్ష చెప్పే 302 ఇప్పుడు 103. మోసగాణ్ణి మనమంతా ఏ నంబరుతో పిలుస్తామో ఆ 420 కూడా ఇప్పుడు 318లోకి చేరింది. పాతది మరచి కొత్తది నేర్చుకోవడం, ఏమీ తెలియనివాడు నేర్చుకోవడం కన్నా కష్టం.

అల్లాహ్‌కు అత్యంత ప్రియమైన ఆచరణ కొద్దిదైనా నిత్యం చేసేదని దైవప్రవక్త (స) తెలిపారు. (బుఖారీ, ముస్లిమ్) మేము ఆ దారే పట్టాం. ఫజ్ర్ తర్వాత గంటసేపు మస్జిద్ పక్కగది అతనికి తెరిచి ఉంటుంది. రోజుకు ఒకే సబ్జెక్టు, పాత నంబరు పక్కన కొత్త నంబరు రాసుకోవడం. వారానికి ఒకరోజు అతని తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్ళే పని ఇద్దరు యువకులు వంతు వేసుకున్నారు. కొత్త చట్టాల పుస్తకాలకు కొందరు సోదరులు డబ్బు వేశారు. అది జకాత్ నుంచి కాదు, సదఖా, హదియాల నుంచి. జకాత్ ఎవరికి చెల్లుతుందో అర్హతలు వేరే ఉన్నాయి. అవి చూడకుండా ఇవ్వకూడదు. అతన్ని దర్స్‌కు రమ్మని నేను అడగడం మానేశాను. పరీక్ష అయ్యేదాకా నేనే రోజుకో ఆయత్ అర్థం అతనికి చెబుతున్నాను. అన్సారీ పొరుగువాని పని అదే కదా!

అడ్డదారి హరామ్

ఈ మధ్య అతనికి ఎవరో ఒకరు ఆశ చూపించారట. పుస్తకం పేజీల్లో జవాబులు సన్నగా రాసుకుని తీసుకెళ్ళమని, ఎవరూ చూడరని. అతను వచ్చి, "గడువు దగ్గరపడుతోంది హజ్రత్, ఒక్కసారికి..." అని ఆగిపోయాడు. నేను కోప్పడలేదు. ఆ మాట నా దాకా తెచ్చినందుకు అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పుకున్నాను.

మోసం చేసేవాడు మనలోనివాడు కాదని దైవప్రవక్త (స) హెచ్చరించారు. (ముస్లిమ్) ధాన్యం పైన పొడిగా, లోపల తడిగా ఉంచి అమ్మిన వ్యాపారిని చూసి ఆయన ఈ మాటన్నారు. నకలు కొట్టి తెచ్చుకున్న సర్టిఫికెట్ కూడా అలాంటి ధాన్యమే. పైన పొడి, లోపల తడి. "వేలిముద్ర వేసే అమ్మ నిన్ను నమ్మి కాగితం ఇస్తుంది భాయ్. నీకు చదవడం రాకుండానే చదవడం వచ్చని చెప్పి తీసుకుంటావా?" అని మాత్రం అడిగాను. అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తప్పినా సరే, అలా వద్దు" అన్నాడు.

ఫలితం మన చేతిలో లేదు

పరీక్ష ఇంకా ఉంది. అతను నెగ్గుతాడో లేదో నాకు తెలియదు. దర్స్‌లో ఇలాంటి కథ చెప్పినప్పుడు చివర్లో "నెగ్గాడు" అని చెబితే మీకు సంతోషంగా ఉంటుంది. కానీ అది అల్లాహ్ చేతిలో ఉంది. మళ్ళీ తప్పితే మళ్ళీ రాయవచ్చు, ఎన్నిసార్లు రాయాలన్న పరిమితి లేదు. నెగ్గేదాకా వకాలత్ ఆగుతుంది, అంతే. నిజాయితీగా నేర్చుకున్న విద్య ఆగదు. వేలిముద్ర వేయబోయే ఒక అమ్మకు కాగితం చదివి చెప్పడానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

కష్టంతో పాటే సౌలభ్యం ఉందని సూరహ్ అల్ ఇన్షిరాహ్‌లో అల్లాహ్ ఒకసారి చెప్పి, వెంటనే మళ్ళీ చెప్పాడు. సౌలభ్యం కష్టం తర్వాత ఎప్పుడో కాదు, కష్టంతో పాటే ఉంటుంది. ఒక్కోసారి ఆ సౌలభ్యం పొరుగువాడి రూపంలో వస్తుంది. ఆ పొరుగువాడు మీరు కావచ్చు.

కాబట్టి సోదర సోదరీమణులారా! మీ వీధిలో పుస్తకం పట్టుకుని కూర్చున్నవారు ఎవరున్నారో చూడండి. కనిపించకుండా పోయినవారిని నిందించకండి, కారణం అడగండి. అడిగి ఊరుకోకండి, ఒక వంతు మోయండి.

ఓ అల్లాహ్! మాకు ప్రయోజనకరమైన విద్యను ప్రసాదించు. న్యాయం కోసం నేర్చుకునేవారి హృదయాలకు మార్గం చూపు, వారి నాలుకలను సత్యంపై నిలకడగా ఉంచు. వారి ఉపాధిలో, సమయంలో బరకత్ ఇవ్వు. మంచం పట్టిన తల్లులకు స్వస్థత చేకూర్చు. మా సోదరుల మాట వినకముందే తీర్పు చెప్పే మా నాలుకలను క్షమించు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్!